తెలంగాణ చరిత్ర, మనుషులు, వారసత్వం: తరచుగా అడిగే ప్రశ్నలు

రామప్ప గుడి ముందు, గోల్కొండ కోట మెట్ల మీద, బడి పిల్లల మధ్య, చుట్టాల పెళ్ళిలో విస్తరి ముందు కూర్చున్నప్పుడు కూడా తెలంగాణ చరిత్ర మాటొస్తే కొన్ని ప్రశ్నలే మళ్ళీ మళ్ళీ ఎదురవుతాయి. వాటికి నాకు తెలిసినంతలో, తొందర లేకుండా చెప్పుకున్న జవాబులు ఇవి.

తెలంగాణ 2014లో పుట్టిన రాష్ట్రమే కదా, అంత పాత చరిత్ర ఎక్కడిది?

రాష్ట్రం 2014 జూన్ 2న వచ్చింది, దేశంలో 29వ రాష్ట్రంగా. నేల మాత్రం ఎప్పటినుంచో ఉంది. పేరు కూడా కొత్తది కాదు. హైదరాబాదు పక్కనే ఉన్న తెల్లాపూర్‌లో 1417 నాటి శాసనంలో ‘తెలుంగణ’ అన్న మాట కనిపిస్తుంది. అంటే చార్మినారు కట్టడానికి 170 ఏళ్ళ ముందే ఈ పేరు రాతికెక్కింది.

ఇంకా వెనక్కి వెళ్తే, బుద్ధుడి కాలం నాటి పదహారు మహాజనపదాల్లో ఒకటైన అస్మకకు రాజధాని ఇప్పటి బోధన్ అని చరిత్రకారులు చెబుతారు. గోదావరి ఒడ్డున జగిత్యాల జిల్లా కోటిలింగాలలో తొలి శాతవాహన రాజు పేరున్న నాణేలు దొరికాయి. సూర్యాపేట జిల్లా ఫణిగిరి గుట్ట మీద, పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో బౌద్ధ స్తూపాల ఆనవాళ్ళున్నాయి. నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో, కృష్ణా నదికి దగ్గరలో, మనిషికి రెండింతల ఎత్తున్న నిలువురాళ్ళు వేల ఏళ్ళుగా నిలబడే ఉన్నాయి. 2025లో వాటిని యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చారు.

తెలుగు పద్యానికి, కరీంనగర్ దగ్గరి ఒక గుట్టకు సంబంధం ఏమిటి?

ఈ ప్రశ్న ఇంకా ఎక్కువమంది అడగాలని నా కోరిక. గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలమ్మ గుట్ట అని ఒకటుంది. గుట్ట రాతికి జైన తీర్థంకరుల బొమ్మలు, చక్రేశ్వరి బొమ్మ చెక్కి ఉంటాయి. వాటి కింద పదో శతాబ్దపు శాసనం. దాన్ని వేయించినవాడు జినవల్లభుడు. కన్నడ సాహిత్యంలో ఆదికవిగా కొలిచే పంపకవికి ఇతను సొంత తమ్ముడు. వేములవాడ చాళుక్యరాజు రెండో అరికేసరి కొలువులో పంపకవి ఉండేవాడు.

ఆ శాసనం మూడు భాషల్లో ఉంది: సంస్కృతం, కన్నడం, తెలుగు. తెలుగు భాగంలో మూడు కంద పద్యాలున్నాయి. నన్నయ మహాభారతం మొదలుపెట్టడానికి సుమారు వందేళ్ళ ముందు మాట ఇది. తెలుగుకు ప్రాచీన భాష హోదా అడిగినప్పుడు చూపించిన ఆధారాల్లో ఈ గుట్ట కూడా ఉంది. 2008లో ఆ హోదా వచ్చింది. కందం ఎంత లెక్క ప్రకారం నడిచే పద్యమో రాసినవాళ్ళకు తెలుసు. అంతటి కందం ఆ రాతి మీద ఎక్కడా తడబడకుండా నడిచిందంటే, దాని వెనక ఎన్ని తరాల సాధన ఉండి ఉండాలి! ఆ తరాల వాళ్ళ పేర్లు మనకు మిగల్లేదు. పద్యం ఒక్కటే మిగిలింది.

కాకతీయుల మాట రాగానే అందరూ చెరువుల గురించే ఎందుకు మాట్లాడతారు?

ఈ నేలను చూస్తే తెలుస్తుంది. గోదావరి, కృష్ణ రెండూ పారుతున్నా అవి లోతట్టున పోతాయి, ఊళ్ళేమో ఎత్తున ఉంటాయి. అడుగున రాయి. వాన పడితే నీళ్ళు జారిపోతాయి. ఆపితేనే బతుకు. అందుకని వాగుకు అడ్డంగా కట్ట పోశారు. ఒక చెరువు నిండి మత్తడి దుంకితే, అంటే అలుగు మీదుగా పొర్లితే, ఆ నీళ్ళు కింది చెరువులోకి, అది నిండితే దాని కిందిదానిలోకి పోతాయి. వీటినే గొలుసుకట్టు చెరువులంటాం. ఏ తూము ఎప్పుడు తెరవాలో, ఏ మడికి ఎన్ని గడియలు నీళ్ళు పెట్టాలో చూసేందుకు ఊరికొక నీరటికాడు ఉండేవాడు.

పాకాల, రామప్ప, లక్నవరం, ఘనపురం పెద్ద చెరువులు కాకతీయుల కాలానివే, నేటికీ పొలాలు పారిస్తున్నాయి. రాజు ఒక్కడే తవ్వించలేదు. సామంతులు, సేనానులు, వర్తకులు, గుడుల ధర్మకర్తలు కూడా తవ్వించారు. చెరువు తవ్వించడం సప్తసంతానాల్లో, అంటే బిడ్డల్లా పేరు నిలిపే ఏడు పుణ్యకార్యాల్లో, ఒకటి అన్న నమ్మకం వాళ్ళ చేత అంత పని చేయించింది. 2015లో రాష్ట్ర ప్రభుత్వం చెరువుల పూడిక తీయడం మొదలుపెట్టినప్పుడు లెక్క తీస్తే 46 వేలకు పైగా తేలాయి. ఆ పథకానికి కాకతీయుల పేరే పెట్టారు. నాకది పేరుకు పెట్టిన పేరు అనిపించలేదు, బాకీ తీర్చినట్టు అనిపించింది.

రామప్ప గుడిలో అంత విశేషం ఏముంది?

ములుగు జిల్లా పాలంపేటలోని ఈ గుడి దేవుడు రుద్రేశ్వరుడు. కట్టించింది గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు. 1213 నాటి శాసనం గుడి ఆవరణలోనే ఉంది. జనం నోట మాత్రం గుడికి శిల్పి పేరే నిలిచిపోయింది. దేవుడి పేరు, కట్టించినవాడి పేరు పక్కకు పోయి, చెక్కినవాడి పేరుతో పిలిచే గుడులు మన దేశంలో చాలా అరుదు. అందుకే నాకీ గుడి మీద మరింత ప్రేమ.

పునాదిలో ఇసుక నింపారు, భూమి కదిలితే ఆ ఒత్తిడి ఇసుక తీసుకునేలా. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్ళలో తేలేంత తేలిక. గుడి ఎర్ర ఇసుకరాతిది, లోపలి స్తంభాలు, దూలాలు, పైన ఒరిగి నిలబడ్డ మదనికలు (అందగత్తెల శిల్పాలు) నల్లరాతివి. ఆ నల్లరాయి గట్టిది, చెక్కడం కష్టం. అయినా నునుపు చూస్తే ఇప్పటికీ అద్దంలా మెరుస్తుంది. ఒక మదనిక కాళ్ళకు ఎత్తుమడమల చెప్పులుంటాయి, వెళ్ళినప్పుడు వెతకండి. ఇంకొక శిల్పంలోని సన్నని రంధ్రాల గుండా దారం పోనిచ్చి చూపిస్తారు. ఎనిమిది వందల ఏళ్ళ కింద, విద్యుత్తు లేని రోజుల్లో ఆ రంధ్రం ఎలా తొలిచారో నాకు ఎన్నిసార్లు చూసినా అంతుపట్టలేదు. 2021 జూలై 25న యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది.

రుద్రమదేవి రాణా, రాజా?

ఆమె గణపతిదేవుడి కూతురు. 1262 నుంచి స్వయంగా ఏలింది. శాసనాల్లో రుద్రదేవ మహారాజు అని మగ పేరుతో కనిపిస్తుంది. ఆమె ఎప్పుడు పోయిందన్నది చాలాకాలం ఊహగానే ఉండేది. నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరికిన 1289 నాటి శాసనం దాన్ని తేల్చింది. రుద్రమకు, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికి పుణ్యం కలగాలని ఒక భటుడు సోమనాథుడి గుడికి భూమి ఇచ్చినట్టు అందులో ఉంది. మహారాణి మరణ వార్త మనకు చేరింది ఒక మామూలు సైనికుడి దానం వల్ల.

గోల్కొండ సుల్తానులకు తెలుగు వచ్చా?

బాగానే వచ్చు. ఇబ్రహీం కుతుబ్‌షా (1550–1580) తెలుగు కవులను ఆదరించాడు. కవులు ఆయన్ను ‘మల్కిభరాముడు’ అని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన కావ్యాన్ని ఆయనకు అంకితమిచ్చాడు. ఆయన అధికారి అమీన్‌ఖాన్ పటాన్‌చెరులో ఉండేవాడు. ఈ అమీన్‌ఖాన్‌కు అంకితంగా పొన్నికంటి తెలగన రాసిన యయాతి చరిత్ర తొలి అచ్చ తెలుగు కావ్యం. ఒక్క సంస్కృత పదం రాకుండా తెలుగులో కావ్యం రాయాలన్న పట్టుదల ఒక ముస్లిం అధికారి నీడలో తీరింది. 1591లో మహమ్మద్ కులీ హైదరాబాదు కట్టించాడు. చివరి సుల్తాను తానీషా కొలువులో అక్కన్న, మాదన్నలు ఉన్నారు. వాళ్ళ మేనల్లుడు, నేలకొండపల్లి గోపన్న, భద్రాచలం గుడి కట్టించి గోల్కొండ చెరసాలకు వెళ్ళి రామదాసయ్యాడు. 1687లో ఔరంగజేబు చేతిలో కోట పడిపోయింది.

నిజాం పాలన మంచిదా, చెడ్డదా?

ఒక్క మాటలో చెప్పమంటే నేను చెప్పను. 1908 సెప్టెంబరు 28న మూసీ ముంచెత్తింది, వేలమంది కొట్టుకుపోయారు. ఆ తర్వాత విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. మంజీర మీద నిజాంసాగర్ వచ్చింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టింది, పైచదువును ఉర్దూలో చెప్పింది. దేశభాషలో పైచదువు చెప్పడం ఆ రోజుల్లో చిన్న సాహసం కాదు.

మరి అదే పాలనలో పల్లెల్లో ఏముంది? దొర గడి (కోటలాంటి ఇల్లు) ముందు వెట్టి, అంటే కూలి లేని చాకిరి. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, ఏ కులం వాళ్ళకు ఆ కులం వెట్టి. పండిన పంట గడికి, మాట్లాడే భాషకు బడి లేదు. జనాభాలో ఎక్కువమంది భాష తెలుగైనా సర్కారు కచ్చేరీలో, బడిలో ఉర్దూయే. ఉస్మాన్‌సాగర్ నీళ్ళు తాగినవాళ్ళూ నిజమే, గడి ముందు ‘బాంచన్ దొరా’ అని చేతులు కట్టుకున్నవాళ్ళూ నిజమే. ఒకరిని చూపించి ఇంకొకరిని దాచేస్తే అది చరిత్ర కాదు.

తెలంగాణలో కవులే లేరన్న మాట నిజమేనా?

ఈ మాట అన్నారు, అచ్చులో కూడా వేశారు. దానికి జవాబు కూడా అచ్చులోనే వచ్చింది. ఆ కథ కొంచెం విపులంగా చెప్పాలి.

1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు దానికి పూనుకున్నారు. తెలుగు చదువుకోవాలంటే గ్రంథాలయమే బడి అయిన కాలం అది. 1921లో హైదరాబాదులో ఒక సంస్కరణ సభ జరిగింది. ఉర్దూలో, మరాఠీలో, ఇంగ్లీషులో మాట్లాడితే విన్నారు. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మొదలుపెట్టగానే గోల చేసి, చప్పట్లు కొట్టి కూర్చోబెట్టారు. ఆ రాత్రే కొందరు తెలుగువాళ్ళు కూర్చుని ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. అదే పెరిగి ఆంధ్ర మహాసభ అయింది. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి సభకు అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి.

ఆ ప్రతాపరెడ్డి 1926 నుంచి గోలకొండ పత్రిక నడుపుతున్నాడు. నిజాం రాష్ట్రంలో కవులు పూజ్యమని, అంటే సున్నా అని, ఒకాయన రాస్తే, తిట్టలేదు. వాదన పెంచలేదు. ఊరూరికీ కబురు పెట్టాడు: కవులున్నచోట పద్యాలు పంపండి అని. వచ్చినవన్నీ కూర్చి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చాడు. అందులో 354 మంది కవులు. లేరన్న మాటకు ఇంతకంటే గట్టి జవాబు నేను ఎక్కడా చూడలేదు. కవుల్లో గొప్పవాళ్ళు ఎవరు, మామూలువాళ్ళు ఎవరు అని ఆయన జల్లెడ పట్టలేదు, ఉన్నవాళ్ళను ఉన్నట్టు నిలబెట్టాడు. ఆయనే రాసిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది, తెలుగులో అదే మొదటిది. అప్పటికి ఆయన పోయి రెండేళ్ళు. రాజులను పక్కనపెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని రాసిన పుస్తకం అది.

పోతన ఓరుగల్లువాడా, ఒంటిమిట్టవాడా?

ఈ వాదన వందేళ్ళకు పైగా నడుస్తోంది. ఆయన ఇంటిపేరు బమ్మెర, ఆ ఊరు జనగామ జిల్లాలో పాలకుర్తి పక్కన ఉంది. నేను బమ్మెర వైపే ఉంటాను. అయినా భాగవతం చదువుకునేవాళ్ళకు ఈ తగాదాతో పనిలేదు, ఒంటిమిట్టలో చదివినా పద్యం అంతే తీయగా ఉంటుంది.

దొరల మీద, నిజాం మీద రైతులు చేసిన సాయుధ పోరాటంలో ఎవరెవరిని గుర్తుంచుకోవాలి?

కడవెండిలో 1946 జూలై 4న దొర మనుషుల తుపాకికి బలైన దొడ్డి కొమరయ్య పేరు ముందు చెప్పాలి. ఊరేగింపులో నడిచిన గొర్లకాపరి కుటుంబపు యువకుడు. ఆ చావుతోనే ఊళ్ళు లేచాయి.

చాకలి ఐలమ్మ గురించి ఆగి చెప్పాలనిపిస్తుంది. పాలకుర్తిలో ఆమె భూమి కౌలుకు తీసుకుని సాగుచేసింది. వెట్టి చేయాల్సిన కులపు ఆడది సేద్యం చేయడమే విసునూరు దేశ్‌ముఖ్‌కు కంటగింపైంది. పంట కోతకొచ్చాక మనుషులను పంపాడు. ఐలమ్మ సంగం (ఊళ్ళో ఆంధ్ర మహాసభ శాఖ) దగ్గరికి వెళ్ళింది. సంగం వాళ్ళు వచ్చి పంట కోసి, ధాన్యం ఆమె ఇంటికే చేర్చారు. కేసులు పెట్టారు, ఇల్లు తగలబెట్టారు. భూమి మాత్రం ఆమె వదల్లేదు. ఆరుట్ల కమలాదేవి, మల్లు స్వరాజ్యం తుపాకి పట్టారు. ఇమ్రోజ్ ఉర్దూ పత్రిక నడిపిన షోయబుల్లాఖాన్‌ను నిజాం వైపు సాయుధ దళమైన రజాకార్లు 1948 ఆగస్టులో నడిరోడ్డు మీద చంపారు. రాసిన రాతకు ప్రాణం పెట్టినవాడు. దాశరథి నిజామాబాదు జైలు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాశాడు. 1951లో పోరాటం ఆగింది, 1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకు వెళ్ళాడు.

కొమురం భీం ఏం అడిగాడు?

అడవి బిడ్డకు అడవి మీద హక్కు. జల్, జంగల్, జమీన్. పన్నెండు గూడేల భూమి కోసం నిజాం సర్కారుతో పోరాడి 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాడు. ఏటా ఆశ్వయుజ పున్నమికి గోండులు, కోలాములు అక్కడ చేరి ఆయన్ను తలుచుకుంటారు. 2016లో ఆయన పేరు మీద జిల్లా ఏర్పడింది. ఆయనకు ముందు, 1860లో, రాంజీ గోండును తెల్లదొరలు నిర్మల్ దగ్గర ఉరితీశారు.

సెప్టెంబరు 17ను ఏమని పిలవాలి?

విమోచనం, విలీనం, సమైక్యత, ఎవరి రాజకీయాన్ని బట్టి వాళ్ళు పేరు పెట్టుకున్నారు. జరిగింది ఇది: 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. రజాకార్ల దాష్టీకం నుంచి ఊళ్ళు ఊపిరి పీల్చుకున్నాయి. ఆ వెంటనే జరిగిన ప్రతీకారాల్లో వేలమంది ముస్లింలు చనిపోయారని కేంద్రం పంపిన సుందర్‌లాల్ సంఘం నివేదిక చెప్పింది. ఆ నివేదిక 2013లో గానీ జనానికి అందుబాటులోకి రాలేదు. ఈ రెండూ కలిపి చెప్పినప్పుడే ఆ రోజు పూర్తవుతుంది.

1956 నుంచి 2014 దాకా ఏం జరిగింది?

క్లుప్తంగా చెప్తాను. 1956 ఫిబ్రవరిలో ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య పెద్దమనుషుల ఒప్పందం, నవంబరు 1న ఆంధ్రప్రదేశ్. ఒప్పందం అమలు కాలేదన్న కోపం 1969లో విద్యార్థుల ఉద్యమమై ఎగసింది, వందల ప్రాణాలు పోయాయి. నీళ్ళు, నిధులు, నియామకాల లెక్కలను ప్రొఫెసర్ జయశంకర్ జీవితమంతా చెబుతూ వచ్చారు. రాష్ట్రం చూడకుండానే 2011 జూన్‌లో కన్నుమూశారు. 2014 ఫిబ్రవరిలో పార్లమెంటు బిల్లు ఆమోదించింది.

తెలంగాణ మాట యాసా, భాషా?

కాళోజీని అడిగితే బడి పలుకుల భాష వేరు, పలుకుబడుల భాష వేరు అంటాడు. జనం నోట ఆడేదే బతికే భాష అని ఆయన నమ్మకం. ఆయన పుట్టిన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ‘మత్తడి’, ‘దస్తీ’, ‘అంగి’, ‘సోపతి’ అన్నవి తప్పు మాటలని పిల్లలను బడిలో దిద్దిన రోజులు నాకు తెలుసు. పాల్కురికి సోమన ఎనిమిది వందల ఏళ్ళ కిందే ద్విపదలో, జానుతెనుగులో (తేటైన వాడుక తెలుగులో) రాసి జనం మాటకు పీట వేశాడు. ఆ వరసలోనే హనుమాజీపేటలో పుట్టిన సి. నారాయణరెడ్డి 1988 సంవత్సరానికి జ్ఞానపీఠం తెచ్చారు. వంగర పి.వి. నరసింహారావు ప్రధాని అయ్యారు. విశ్వనాథ సత్యనారాయణ నవల వేయిపడగలను హిందీలోకి అనువదించిన చేయి కూడా ఆయనదే.

బతుకమ్మకు, మేడారానికి ఉన్న ప్రత్యేకత?

బతుకమ్మలో పూలతో దేవుణ్ణి పూజించరు, పూలనే దేవతగా పేరుస్తారు. అదీ తోటల్లో పెంచిన పూలు కావు. గుట్టల మీద తంగేడు, చేలగట్ల మీద గునుగు. గునుగు తెల్లగా ఉంటుంది, కొసలు రంగు నీళ్ళలో ముంచి ఎర్రగా, ఆకుపచ్చగా చేస్తారు. తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, గునుగు కాడలు లోపలికి, తలలు బయటికి ఉండేలా వరసగా పేరుస్తూ, మధ్యలో ఆకుల ముక్కలు నింపుతూ గోపురంలా పైకి తెస్తారు. కొసన పసుపు గౌరమ్మ. ఎంగిలిపూలతో మొదలై తొమ్మిదో నాటి సద్దులతో ముగుస్తుంది. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు పేర్చరు. చివరికి చెరువులోనే వదులుతారు. చెరువు నిండి ఉంటేనే ఆ పండుగ.

ములుగు జిల్లా మేడారం జాతరలో విగ్రహాలుండవు. రెండేళ్ళకోసారి మాఘ పున్నమికి చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణె రూపంలో సమ్మక్కను కోయ పూజారులు గద్దె మీదికి తెస్తారు. భక్తులు నిలువెత్తు ‘బంగారం’ ఇస్తారు, అంటే బెల్లం.

చేతిపనుల్లో తప్పక చూడాల్సింది?

పోచంపల్లి చీర అందరికీ తెలుసు. నేత మొదలుకాకముందే నూలుకు ముడులు కట్టి రంగులద్దుతారు. మగ్గం మీద నిలువు పోగు, అడ్డపోగు కలిసేచోట బొమ్మ లేస్తుంది. అదే ఊళ్ళో 1951 ఏప్రిల్ 18న వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇవ్వడంతో వినోబా భావే భూదానోద్యమం మొదలైంది.

నాకు మాత్రం చేర్యాల పటం మీద మనసు. బట్టకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి పూసి ఆరబెట్టి, ఎర్రని నేల మీద కథంతా బొమ్మలుగా వేస్తారు నకాషీలు. ఆ పటాన్ని కొద్దికొద్దిగా విప్పుతూ కూనపులివాళ్ళు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతారు. కథ చెప్పేవాళ్ళు తగ్గారు, పటాలు గోడలకెక్కాయి. పటం విప్పుతుంటే ముందు కూర్చున్న పిల్లలు మెడలు చాచడం చూసినవాళ్ళకు, గోడ మీద బిగించిన పటం చూస్తే దిగులు పుడుతుంది.

రెండు రోజులే ఉన్నాయి, ఎక్కడికి వెళ్ళమంటారు?

వరంగల్ దారి పట్టండి. పొద్దున్నే భువనగిరి ఏకశిల కోట, తర్వాత కొలనుపాక జైన మందిరం. జనగామకు ముందే పెంబర్తిలో ఇత్తడి రేకు మీద సుత్తి మోత వినిపిస్తుంది, ఒక అరగంట ఆగండి. జనగామ నుంచి పాలకుర్తికి తిరగండి. ఒకే మండలంలో సోమన ఊరు, పోతన ఊరు, ఐలమ్మ ఊరు ఉన్నాయి. రాత్రికి హనుమకొండ చేరి, మర్నాడు 1163లో కట్టిన వేయిస్తంభాల గుడి, ఓరుగల్లు కోటలో నాలుగు కీర్తితోరణాలు చూసి పాలంపేటకు వెళ్ళండి. రామప్ప గుడి చూశాక తిరుగు బస్సు కోసం తొందరపడకుండా చెరువు కట్ట మీదికి నడవండి. సాయంత్రం పూట తూము దగ్గర నిలబడితే, గుడి కట్టిన నాటి నీళ్ళే పొలాల్లోకి పోతున్నట్టుంటుంది.